ఊపిరి దాచుకున్న పిల్ల

“ఇదేటి?”

ప్రసూనాంబ అరచేతిలో నారింజ రంగు మూత ఉన్న ఇన్‌హేలర్ ఉంది. మనవరాలి స్కూలు సంచీలో టిఫిను డబ్బా సర్దబోతే, అడుగున చేతిరుమాల్లో చుట్టి దొరికింది.

పెరటి అరుగు మీద తన్మయికి జడ వేస్తున్న విశాలి చేతులు ఆగిపోయాయి.

“నిన్నే అడుగుతన్నాను. వద్దని అందరం అనుకున్నాం కదా, మరి ఇదేటి?”

“పిల్ల మందు, అత్తయ్యా.”

“మందని నాకూ తెలుసును. దొంగసరుకులాగ రుమాల్లో సుట్టి ఎందుకు పెట్టేవని అడుగుతన్నాను.”

తొమ్మిదేళ్ళ తన్మయి తల కదపకుండా, కళ్ళు మాత్రం పైకెత్తి మామ్మ చేతికేసి చూసింది. ఆస్పత్రి నించి వచ్చిన దగ్గర్నించీ రోజూ బడికెళ్ళే దారిలో అమ్మ నర్సుగా పనిచేసే హెల్త్ క్లినిక్ వెనక గదిలో ఆగి, గొట్టం నోట పెట్టుకుని పీలుస్తున్న మందు అది. ఎవరికీ చెప్పకు అని అమ్మ అంది. పిల్ల ఎవరికీ చెప్పలేదు పాపం.

ఆ ఇంట్లో గొడవలు పెద్ద గొంతుతో జరగవు. సంగీతం తెలిసిన ఇల్లు కదా, తిట్టుకున్నా శ్రుతి తప్పరు. వీధిలో వెళ్ళేవాళ్ళకి ఏదో కబుర్లు చెప్పుకుంటున్నారనే అనిపిస్తుంది. లోపల మాత్రం ఒక్కో మాటకీ ఒకరికి కన్నీళ్ళు తిరుగుతుంటాయి.

ఎచ్చెర్లలో ఉద్యోగానికి బయల్దేరుతున్న ఉపేంద్ర చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. తల్లి చేతిలో వస్తువు చూశాడు. భార్య మొహం చూశాడు.

“ఎన్నాళ్ళ నించి?”

“ఆస్పత్రి నించి వచ్చిన దగ్గర్నించీ.”

“అంటే నా ముందర సరేనని తలూపి, నా వెనకాల ఇదన్నమాట.”

“మీరు ఒప్పుకోలేదు కదండీ.”

“ఎలా ఒప్పుకుంటాను? నువ్వే చెప్పు, ఎలా ఒప్పుకుంటాను?” ఉపేంద్ర అరుగు అంచున కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం పెడతాడు. భయం వేసినప్పుడు కోపంగా మాట్లాడే మగాళ్ళు ఉంటారే, ఆ జాతి. “శ్రీకాకుళం వెళ్ళి ట్రైనింగ్ అయ్యి వచ్చి, పిల్ల చేత మిషన్లో ఊదించి, ఉబ్బసం కాదు, ఉత్త దగ్గే అన్నది ఎవరు?”

“నేనే.”

“ఆ మాట పట్టుకునే కదా, అంతకు ముందు డాక్టరు రాసిచ్చిన పఫ్ఫు మానిపించేం? ఆ మాట పట్టుకునే కదా, ఏకాదశి నాడు స్వామి సన్నిధిలో పాడించేం?”

“ఔను.”

“అప్పుడు లేని జబ్బు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?”

“ఆస్పత్రిలో ఉబ్బసమే అన్నారు కదా…”

“వాళ్ళు హడావిడిలో చూసి చెప్పేరు. నువ్వు తీరిగ్గా మిషను పెట్టి చెప్పేవు. నన్ను ఏది నమ్మమంటావు?”

ఆ ఏకాదశి నించి విశాలి తనని తాను అడుగుతున్న ప్రశ్న అదే. పాట మధ్యలో కూతురు గుండెలు పట్టుకుని కూలబడటం, పెదాలు నీలంగా మారటం, ఆటోలో శ్రీకాకుళం దాకా ఆ పిల్లికూతలు వింటూ వెళ్ళటం, అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. మిషను చూపించిన అంకె కూడా అలాగే కళ్ళ ముందుంది. ఆ రెండూ ఒక పిల్లవే ఎలా అవుతాయో ఆమెకి అర్థం కావటం లేదు.

“దీంతోటి గొంతు పోతాదట,” అంది ప్రసూనాంబ. “మందుల కొట్టాయనే సెప్పేడు. సాలూరులో లారీలు తిప్పుకునే ఇంటినించి వొచ్చినదానివి, నీకు గొంతు విలువేటి తెలుసు? ఈ ఇంట్లో పిల్లకి గొంతు పోతే ఇంకేటి మిగులుతాది?”

“పీల్చేక నోరు పుక్కిలిస్తే ఏం కాదు అత్తయ్యా. గొట్టం పెట్టి ఇస్తున్నాను. నేను జాగ్రత్తగానే…”

“నీ మాట మీద నమ్మకం ఉండాల కదే.”

ఆ మాట ప్రసూనాంబ కోపంగా అనలేదు. అలసిపోయి అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. విశాలి కూతురి జడ వదిలేసి కొంగుతో మొహం తుడుచుకుంది.

ముందు గదిలో పిల్లలకి పాఠం చెబుతున్న చంద్రశేఖరం గొంతు అప్పటికే ఆగిపోయింది. విశాలి మావగారాయన. కుర్రతనంలో విజయనగరంలో సంగీతం నేర్చుకుని, జీవితమంతా శ్రీకూర్మంలో పిల్లలకి చెప్పిన మనిషి. ఏకాదశి తర్వాత తన్మయిని కూర్చోబెట్టలేదు. నిన్ననే మళ్ళీ పాఠానికి రమ్మన్నాడు. పిల్ల ఆ సంబరంతో రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

“బుధవారం మా పీహెచ్‌సీకి దీక్షిత్ సారు వస్తున్నారు,” అంది విశాలి. “ఆ పరీక్ష మాకు నేర్పిన డాక్టరు. మా చేత మళ్ళీ చేయించి తప్పులు దిద్దుతారు. తన్మయిని తీసుకెళ్తాను. ఆయన ఎదురుగా ఊదిస్తాను. జబ్బు లేదంటే ఇంక ఆ మందు పేరెత్తను.”

“ఉందంటేనో?” అన్నాడు ఉపేంద్ర.

“ఉందంటే మీ అందరి ఎదురుగా రోజూ వేస్తాను. ఎవరూ అడ్డు చెప్పకూడదు.”

లోపల్నించి చంద్రశేఖరం గొంతు వినిపించింది.

“తీసుకెళ్ళమ్మా.”

ఉపేంద్ర లేచి, తల్లి చేతిలోంచి ఇన్‌హేలర్ తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

“అంతదాకా ఇది నా దగ్గరుంటాది,” అన్నాడు.

*

పీహెచ్‌సీలో టీకాల గది ఖాళీ చేయించి కుర్చీలు వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ క్లినిక్కుల నించి వచ్చిన నర్సులు, ఇద్దరు డాక్టర్లు. దీక్షిత్ చిన్నవాడు. తప్పు చేస్తున్నా మధ్యలో ఆపడు. అంతా అయ్యాక, “ఏం చూశారు?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నంటే నర్సులకి హడలు.

తన్మయిని కుర్చీలో కూర్చోబెట్టి విశాలి తనే ముక్కుకి క్లిప్పు పెట్టింది. గొట్టం చేతికిచ్చింది. ఎదురుగా తెర మీద కొవ్వొత్తులు వరసగా వెలుగుతున్నాయి. పిల్లలకి హుషారు రావడానికి పెట్టిన బొమ్మ అది. గొట్టంలోకి గట్టిగా ఊదితే ఒక్కొక్కటే ఆరిపోతాయి.

“ఊదమ్మా ఊదు, నీ పుట్టినరోజనుకో!” అంది కుమారి. ఎచ్చెర్ల వైపు క్లినిక్కులో నర్సు. ట్రైనింగులో విశాలి పక్కనే కూర్చుని, అప్పట్నించీ చెల్లెలి చనువు తీసుకున్న మనిషి.

తన్మయి వెన్ను నిటారుగా పెట్టింది. నిండా గాలి తీసుకుంది. పెదాలు గొట్టానికి బిగించి ఊదింది. ఎత్తుగడ ఎంత బాగుందంటే ఒక డాక్టరు భలే అన్నాడు. కొవ్వొత్తులు టపటపా ఆరిపోయాయి. చివరిది ఒకటి మిగిలింది. పిల్ల గొట్టం తీసేసి అమ్మకేసి చూసింది.

అంకె వచ్చింది. నార్మల్.

నర్సులు చప్పట్లు కొట్టారు. మొదటిసారి వచ్చిందీ ఇదే. ఏ తల్లయినా సంతోషించాల్సిన సంగతి. విశాలికి మాత్రం ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి ఇదే చెప్పాలి. చెప్పాక పిల్లకి మందుండదు. మళ్ళీ ఏ రోజు ఆ పెదాలు నీలంగా అవుతాయో తెలియదు.

“విశాలిగారూ, ఏం చూశారు?”

“నార్మల్ సార్.”

“అంకె చెప్పారు. గీత చూడండి.”

విశాలి తెర మీదకి వంగింది. ఊపిరి గీత కొండెక్కినట్టు పైకి ఎక్కి, చివరికి చదునుగా సాగాలి. గాలంతా బయటికొచ్చిందనడానికి గుర్తు అదే. ట్రైనింగులో చెప్పారు. ఈ గీత చదును కాలేదు. ఎక్కుతూ ఎక్కుతూ, కత్తిరించినట్టు ఆగిపోయింది.

“ఇంకా ఎక్కుతోంది సార్… మధ్యలో ఆగిపోయింది.”

“ఎందుకు ఆగింది?”

“అలిసిపోయి ఉంటుంది.”

“అడిగారా?”

ఎవరూ అడగలేదు. మొదటిసారి కూడా అడగలేదు. ఇంటి పిల్ల, చక్కగా ఊదింది, అంకె బాగుంది అని మురిసిపోయింది విశాలి. గీత చివర చూడాలన్న సంగతే తోచలేదు. ఎవరి పిల్లనో అయితే చూసేదేమో.

దీక్షిత్ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“అమ్మా, నీ ఊపిరి అయిపోయిందా?”

“లేదండీ. ఇంకా ఉంది.”

“మరి ఆ ఒక్క కొవ్వొత్తీ ఆర్పలేదేం?”

తన్మయి మళ్ళీ అమ్మకేసి చూసింది. ఇంత పెద్ద డాక్టరుకి ఇది కూడా తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

“ఆర్పకూడదు కదండీ.”

“ఎవరన్నారు?”

“తాతయ్య.”

విశాలికి తమ ముందు గది గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో పొద్దున్నే పాఠం మొదలయ్యేది ఒక ఇత్తడి దీపంతో. పాడే పిల్ల మొహానికి ఎదురుగా, జానెడు దూరంలో పెడతాడు చంద్రశేఖరం. ఒక్క గుక్కలో పొడుగు సంగతి పాడాలి, వత్తి వంగకూడదు. పాదం పూర్తయ్యేసరికి లోపల ఇంకా ఊపిరి మిగలాలి. “ఒలకబొయ్యకు. తర్వాత మాటకి దాచుకో” అంటాడు. దీపం రెపరెపలాడితే ఆ పిల్ల మళ్ళీ మొదట్నించి పాడాలి. తన్మయి మాటలు రాకముందే ఆ దీపం ముందు కూర్చుంది. కాఫీ గ్లాసు ఇవ్వడానికి రోజూ ఆ గదిలోకి వెళ్ళే విశాలి, ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ దీపం సంగతి ఆలోచించలేదు.

“కుండలో ఎన్ని నీళ్ళున్నాయో తెలిస్తేనే కదా, మొదటి వంపుకి ఎంత పడిందో, అది సరైనదో కాదో చెప్పగలం,” అన్నాడు దీక్షిత్ అందరితో. “ఈ పిల్ల అడుగు నీళ్ళు దాచేసింది. మిషను కుండే చిన్నదనుకుంది. కుండకి తగ్గట్టు బాగానే పడిందని చెప్పింది. మిషను అబద్ధం చెప్పలేదు. మనమే కుండ వంచి చూడలేదు.”

తెర అటు తిప్పేసి మళ్ళీ ఊదమన్నారు. తన్మయి ఊదలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

“అంతా వదిలేస్తే పాట తప్పవుతుందండీ.”

విశాలి పిల్ల వెనకాల నిలబడి భుజాలు పట్టుకుంది. “ఇది పాట కాదే తల్లీ. ఇక్కడ దీపం లేదు. తాతయ్య కోప్పడరు. పొట్ట వీపుకి అంటుకునేదాకా వదిలెయ్. నేనున్నాను కదా.”

పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని ఊదింది. ఊదుతూనే ఉంది. అన్నాళ్ళూ దాచుకున్న ఊపిరి ఆఖరికి బయటికొచ్చేసరికి, దాంతోపాటు సన్నటి పిల్లికూత గది అంతా వినిపించింది. కుమారి నోటిమీద చెయ్యేసుకుంది. వెంటనే దగ్గు తెర తగులుకుని తన్మయి ముందుకి వంగిపోయింది.

ఆ తర్వాత పరీక్ష పద్ధతి ప్రకారం రెండు పఫ్‌లు ఇచ్చి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ ఊదించారు. ఈసారి గాలి తేలిగ్గా వచ్చింది. గీత బాగా పైకి లేచింది. ఉబ్బసం అనడానికి ఇంక అనుమానం లేదు.

“పాట మాన్పించకండి,” అన్నాడు దీక్షిత్. “మందు వేసుకుంటూ హాయిగా పాడుకోవచ్చు. మందు మాత్రం ఒక్క రోజూ మానకూడదు. మళ్ళీ అలాంటి ఎటాక్ వస్తే, ఈసారి శ్రీకాకుళం దాకా వెళ్ళే టైము ఉంటుందో ఉండదో చెప్పలేను. నేనిలా అంటున్నానని బాధపడకండి.”

బయటికి రాగానే కుమారి విశాలి చెయ్యి పట్టుకుంది.

“ఓలమ్మా, నీ తప్పేటి కాదొసే. ఇదంతా మీ మావగారి సలవే. ఇంటికెళ్ళి గట్టిగా సెప్పీ. మీ అత్తా, మీ ఆయనా నోరెత్తరు. ఇన్నాళ్ళూ నిన్ను ఎన్నేసి మాటలన్నారు!”

ఆ మాటతో విశాలికి ప్రాణం లేచొచ్చింది. నిజమే, తన తప్పు కాదు. ఆ వెంటనే మావగారి మొహం గుర్తొచ్చి సిగ్గేసింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో, లారీల ఇంటి పిల్ల అని అందరూ వేళాకోళం చేస్తే, “ఇంజను చప్పుడులో కూడా లయ ఉంటుందమ్మా” అని ఆమె పక్షం మాట్లాడింది ఆయనొక్కడే.

స్కూటీ మీద వెనక కూర్చున్న తన్మయి అమ్మ నడుం చుట్టూ చేతులు వేసింది.

“అమ్మా, తాతయ్యకి చెప్తావా?”

“ఏం చెప్పాలి?”

“అంతా ఊదేశానని.”

“చెప్పను లేవే,” అంది విశాలి. పిల్ల ఆమె వీపుకి చెంప ఆనించింది.

*

సాయంత్రం అందరూ ముందు గదిలోనే ఉన్నారు. ఉపేంద్ర ఆ రోజు పెందరాళే వచ్చాడు. తన్మయిని పెరట్లో ఆడుకోమని పంపారు.

“ఉబ్బసమే,” అంది విశాలి నిలబడే. “డాక్టరుగారు మళ్ళీ ఊదించి చూశారు. రోజూ మందు వెయ్యాలన్నారు.”

“మరి ముందు లేదన్నావు?” అన్నాడు ఉపేంద్ర.

“నేను తప్పు చేశాను. సరిగా చెయ్యడం రాలేదు.”

దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన మాట అది. తప్పు తన మీద వేసుకుంటే అయిపోతుంది. పిల్లకి మందు దొరుకుతుంది, పెద్దాయన మనసు చెడదు. తనని నాలుగు మాటలంటారు. పడొచ్చు.

అంత తేలిగ్గా తెమల్లేదు.

“చెయ్యడం రానిదానివి పిల్ల ప్రాణంతోటి ఆడేవా?” అంది ప్రసూనాంబ.

“ఔను అత్తయ్యా. తప్పే.”

“అప్పుడు రాకపోతే ఇప్పుడు వచ్చిందని గ్యారంటీ ఏటి?” అన్నాడు ఉపేంద్ర. “ఇదీ తప్పే అయ్యుండొచ్చు. వచ్చే నెల ఇంకోలా చెప్తావు. ఆ మిషనూ అదే, ఊదించిందీ నువ్వే కదా?”

“సారు ఎదురుగా చేశానండీ…”

“పాడైపోయిన గొంతు ఆ సారు తెచ్చిస్తాడా?” ఉపేంద్ర జేబులోంచి ఇన్‌హేలర్ తీశాడు. “నాకు ఏదీ నమ్మకం లేదు. రేపే ఇది మందుల కొట్టులో తిరిగిచ్చేస్తాను. పిల్లని వైజాగ్ తీసుకెళ్ళి పెద్ద డాక్టరికి చూపిస్తాను. అంతవరకూ ఏ మందూ వద్దు.”

“వైజాగ్ తీసుకెళ్ళండి. కానీ అంతవరకూ మందు మానకూడదండీ. ఈ లోపల ఏదైనా అయితే…”

“వద్దన్నానా!”

ఆ ఇంట్లో గొంతు లేవడం అదే మొదలు. ప్రసూనాంబ ఉలిక్కిపడి కొడుకు చెయ్యి పట్టుకుంది.

చంద్రశేఖరం అంతసేపూ చాప మీద కూర్చుని, పక్కన ఉన్న శ్రుతిపెట్టె మీద చెయ్యి వేసుకుని వింటున్నాడు.

“నా దగ్గర పిల్లలు తప్పు పాడతారు,” అన్నాడు. “తప్పు పాడేను మేస్టారూ అంటే నేను ఊరుకోను. ఎక్కడ తప్పిందో చెప్పమంటాను. అది తెలిస్తే మళ్ళీ తప్పరు. నీకు ఎక్కడ తప్పిందమ్మా?”

“మిషను సరిగా పట్టించలేదు మావయ్యగారూ.”

“ఇవాళ ఎలా పట్టించేరు?”

విశాలి తల దించుకుంది.

“నా మొహం చూసి చెప్పమ్మా. నువ్వు అబద్ధం బాగా చెప్పలేవు.”

ఉపేంద్ర గుప్పిట్లో మందు ఉంది. ఆ గుప్పిట విప్పించాలంటే ఒకే ఒక్క దారి ఉంది. విశాలి మావగారి ఎదురుగా చాప అంచున కూర్చుంది.

“తన్మయి చివరిదాకా ఊదలేదు మావయ్యగారూ. రెండుసార్లూ ఊదలేదు. ఊపిరంతా వదిలితేనే ఆ మిషను సరిగా చెబుతుంది. తెర మీద కొవ్వొత్తులుంటాయి. అన్నీ ఆర్పాలి. అది ఒకటి ఉంచేసింది. ఆర్పకూడదంది.”

ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అంటుకోలేదు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంటుకోలేదు.

“ఊపిరుండే ఆపిందా?” అన్నాడు చంద్రశేఖరం.

“ఔను.”

“వదలమంటే?”

“అంతా వదిలేస్తే పాట తప్పవుతుందని ఏడ్చింది.”

“బాగా నేర్చుకుంది,” అన్నాడాయన. నవ్వబోయాడు. ఆ నవ్వు చూడలేక ఉపేంద్ర గోడకేసి తిరిగాడు.

“మీకేటి తెలుసునండీ?” అంది ప్రసూనాంబ భర్తతో. “మీరేటి కావాలని సేసేరా?” ఆ తర్వాత కోడలి మీదకి తిరిగింది. “ఇప్పుడు సల్లగుందా? నీ తప్పు తీసుకొచ్చి పెద్దాయన నెత్తిన పెట్టీసేవు.”

“పెట్టకూడదనే అబద్ధమాడేను అత్తయ్యా,” అంది విశాలి. “గీత చివర చూడనిది నేనే. ఆ తప్పు నాదే. అది ఎక్కడికీ పోదు.”

“కోడల్నేం అనకు,” అన్నాడు చంద్రశేఖరం. “ఏకాదశి నాడు చరణం మధ్యలో దాని గొంతు వణికింది. నాకేసి చూసింది. నేనేం చేసేనో మీరెవరూ చూడలేదు. వేలెత్తి, ఆగు, దాచుకో అన్నాను. ఊపిరి ఒలకబోస్తున్నాదనుకున్నాను. అది నా మాట విని ఇంకో పాదం పాడింది. ఆ తర్వాతే పడిపోయింది.”

ప్రసూనాంబ నోట్లో కొంగు కుక్కుకుంది. విశాలి ఏడుపు ఆపుకోలేదు. ఆపుకోవడానికి ఆమెకిక ఓపిక లేదు.

“ఉపేంద్రా, ఆ మందు మీ ఆవిడకియ్యి.”

ఉపేంద్ర ఇచ్చాడు. ఇస్తూ ఆమె చేతివేళ్ళని ఒక్క క్షణం పట్టుకుని వదిలేశాడు. విశాలి కోరుకున్నది అదే. అదే ఇప్పుడు చేతికొస్తే ఎవరి సొత్తో లాక్కున్నట్టు అనిపించింది.

“రేపు పొద్దున్నించి పిల్లల్ని పాఠానికి రావద్దని చెప్పీ,” అన్నాడు చంద్రశేఖరం కొడుకుతోనే.

“మావయ్యగారూ! పాట మానక్కర్లేదన్నారు డాక్టరుగారు. మందు వేసుకుంటూ పాడుకోవచ్చన్నారు. హాయిగా పాడుకోవచ్చన్నారు.”

“అది దానికి చెప్పేరమ్మా. నాకు చెప్పలేదు.”

“ఒక్క పిల్లకి ఇలా అయిందని…”

“నాకొచ్చిన పాఠం ఒకటే. ఊపిరి దాచుకోమని. మా గురువుగారు నాకు అదే చెప్పేరు, నేను అదే చెప్పేను. అది మానేసి చెప్పడం నాకు రాదు. దాని ముందర కూర్చుని, మళ్ళీ ఆ మాట నా నోటంట వస్తాదేమోనని భయపడుతూ నేను పాడలేను.” ఆయన శ్రుతిపెట్టె మీదనించి చెయ్యి తీసేశాడు. “నన్ను బలవంతపెట్టకండి.”

ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ సమయంలో ఎవరికీ ఆ ధైర్యం లేదు.

అప్పుడు చూసింది విశాలి. పెరటి గుమ్మం దగ్గర తన్మయి నిలబడి ఉంది. ఎప్పట్నించి నిలబడిందో, ఏ మాట దగ్గర్నించి విందో తెలియదు. కాళ్ళకి మట్టి, చేతిలో పారిజాతం పుల్ల.

“దా తల్లీ,” అంది విశాలి కళ్ళు తుడుచుకుని. గొట్టానికి ఇన్‌హేలర్ తగిలించింది. బాగా ఊపింది. “మామ్మా, నాన్నా అందరూ వేసుకోమన్నారు. ఇంక దాచుకోవక్కర్లేదు. దా.”

తన్మయి వచ్చింది. గొట్టం దగ్గరికి కాదు, తాతయ్య చాప దగ్గరికి. ఆయన మోకాళ్ళకి తన మోకాళ్ళు తగిలేలా కూర్చుంది, రోజూ పాఠానికి కూర్చున్నట్టే.

“తాతయ్యా, పొద్దున్న పాఠం ఉందా?”

“ముందు మందు వేసుకోమ్మా.”

“వేసుకుంటాను. పాఠం ఉందా?”

చంద్రశేఖరం చూపు శ్రుతిపెట్టె మీదకి పోయింది.

“ఉందని సెప్పండి,” అంది ప్రసూనాంబ గుసగుసగా. “పిల్ల కోసం ఒక్క అబద్ధం సెప్పలేరా?”

ఆయన నోరు తెరిచాడు. పిల్ల కళ్ళార్పకుండా చూస్తోంది. ఏ పిల్లకీ రాని పాట వచ్చిందని చెప్పని మనిషి, చెప్తానన్న పాఠం చెప్పకుండా ఉండని మనిషి. ఆ నోరు అలాగే మూసుకుని, తల అడ్డంగా ఊపాడు.

తన్మయికి అర్థమయింది. అమ్మ వైపు తిరిగింది.

“నాకేం జబ్బు లేదు. ఆ డాక్టరుగారికి చెప్పు, మిషను మళ్ళీ పెట్టమని. ఈసారి తాతయ్య చెప్పినట్టే ఊదుతాను.”

“తన్మయీ!”

“నాకేం లేదమ్మా. తాతయ్య వల్ల ఏం కాలేదు.”

విశాలి గొట్టం నోటి దగ్గర పెట్టింది. ఉపేంద్ర వచ్చి కూతురి పక్కన కూలబడి, “నా బంగారం కదూ, ఒక్కసారి నాన్నా” అని బతిమాలాడు. చంద్రశేఖరం రెండు చేతులూ జోడించాడు, మనవరాలికి.

తన్మయి మొహం పక్కకి తిప్పుకుంది. లోపల్నించి దగ్గు తోసుకొస్తోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి. పెదాలు మాత్రం విప్పలేదు.